చక్రాల కింద నిమ్మకాయలు

ఆదివారం

రెండేళ్లు ఇంజిన్ విప్పి బిగించింది నేను. తమ్ముడు శ్రీను చేసిందల్లా రంగు వేయడమే. ఈరోజు మా పాత అమెరికన్ కారు మొదటిసారి వీధిలోకి రావాలి. లోపలి అద్దానికి ఇక్కడి బర్మావాళ్లలా రక్షగా ఎర్రగుడ్డ, తెల్లగుడ్డ కట్టాం. చక్రాల కింద మన నిమ్మకాయలు పెట్టాం. పబేడాన్ పేట నుంచి వచ్చిన చుట్టాలంతా ఆ రంగునే నిమిరారు. బానెట్ ఎత్తమని ఒక్కరూ అడగలేదు. వాళ్లు కారు వెనక చేరి ఫొటోలు దిగుతుంటే నేనే బానెట్ ఎత్తి, కాయిల్ వైరు పీకి జేబులో వేసుకున్నాను.

శ్రీను తాళం తిప్పాడు. స్టార్ట్ కాలేదు. వాడు నవ్వి, "దీనికి పేణం పోసింది మా అన్నియ్యే. రా అన్నియ్యా, ఏటైందో సూడు" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. అంతమంది ముందు జేబులోంచి వైరు ఎలా తీయను?

"రేపు సూద్దాంలే" అన్నాను.

నిమ్మకాయలు ఇంకా చక్రాల కిందే ఉన్నాయి.