బలిచ్చిన బంటు

అన్నయ్యా,

ఒంట్లో బాగానే ఉంది, గుండెదడే తగ్గలేదు. నువ్వు బట్టీ పట్టమన్న ఎత్తులేవీ బుర్రకెక్కక, ఈరోజు చదరంగం పోటీలో మూడో ఎత్తుకే బంటును బలిచ్చి రాజు మీద పడే ఆట ఎంచుకున్నాను. పొద్దున చెబితే, "కొరివితో తల గోక్కుంటున్నావమ్మా!" అన్నారు కోచ్. తీరా మధ్యలో దీని ఎత్తులు కూడా మరిచిపోయాను. ఇక గుర్తు తెచ్చుకోవడం మానేసి, ఎదుటి రాజుకు కాపలా ఎక్కడ పలచగా ఉందో చూసి గుర్రాన్ని కూడా ఇచ్చేశాను. ఎదుటావిడకు చెమటలు పట్టాయి. గెలిచాను.

రేపు కూడా గెలిస్తేనే జట్టులో చోటు. భయంగానే ఉంది, అయినా అదే ఆట ఆడతాను. అమ్మ దగ్గు తగ్గిందా? జట్టులోకి తీసుకుంటే శిక్షణకు ఇక్కడే ఉండిపోవాలి, చలి ఎక్కువ, ఈ కార్డు అందగానే నా స్వెట్టర్ పంపించు. వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు. నాన్నతో గెలిచానని చెప్పు, గుర్రం సంగతి మాత్రం ఎత్తకు.

నీ చెల్లెలు