మూడున్నరకు వచ్చే ఫోన్

జూలై 7, సోమవారం

ఈ రోజు పనిలో చేరాను. నా డీఎస్సీ కోచింగ్ ఒంటిగంటకు అయిపోతుంది. అప్పటి నుంచి ఏడు దాకా లహరి అక్క కూతురు పూర్ణిమను చూసుకోవాలి. నాలుగేళ్ల పిల్ల. అక్కది ఆళ్లగడ్డలో బ్యాంకు ఉద్యోగం. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వస్తుంది. భర్తతో విడిగా ఉంటోంది. పై పోర్షన్లో ఓనరు వాసవాంబ గారు ఉంటారు. అక్క హాల్లో కూర్చుని నా నంబర్ రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది.

ఇంతకుముందు ఇద్దరమ్మాయిలు నెల తిరక్కుండానే మానేశారట. కారణం చెప్పలేదట. నేను మాననని చెప్పాను.

జూలై 9, మధ్యాహ్నం 3.30

తెలియని నంబర్. మగ గొంతు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది. పాపకు పచ్చ గౌను బాగుందన్నాడు. కట్ చేశాడు.

పాప పచ్చ గౌనులోనే ఉంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

జూలై 10

మళ్లీ అదే టైముకు చేశాడు. ఎవరని అడిగాను. "ఆ ఇల్లు నీకు మంచిది కాదు అమ్మాయీ. హాస్టలుకు ఒంటిగా నడ్సుకుంటా పోతాండావ్. కాళ్లు బాగుండాలంటే రేపట్నుంచి రావాకు" అన్నాడు.

భయమేసింది, లేచి తలుపు గడియ చూసి వచ్చాను. డైరీలో అబద్ధం ఎందుకు. రెండు నిమిషాల తర్వాత తగ్గింది. సంజామలలో మా నాయనతో కలిసి పాములు తిరిగే చేలల్లో కలుపు తీసినదాన్ని. ఫోన్లో గొంతుకు పారిపోతానా?

అక్కకు చెప్పాను. నువ్వూ పోతావా అని అడిగింది. పోనన్నాను.

జూలై 11

పరీక్ష పెట్టాను. వంటింట్లో జుట్టు విప్పి రెండు జడలు వేసుకున్నాను. హాల్లోకి రాలేదు. మూడున్నరకు ఫోన్ మోగింది. ఇంగా పోలేదా అన్నాడు. నేనేం చేస్తున్నానో చెప్పమన్నాను. మాట్లాడలేదు. హాల్లోకి వచ్చి నిలబడ్డాను. "రెండు జడలేసుకుంటే చిన్నపిల్లవైపోతావా?" అన్నాడు.

టీవీ పైన కెమెరా ఉంది. అది పాప కోసం పెట్టిందనుకున్నాను. నా నంబర్ కూడా దాంట్లోనే విని ఉంటాడు. తలెత్తి దానివైపు చూడలేదు. చూస్తే వాడికి తెలిసిపోతుంది.

జూలై 14

ఈ రోజు ఫోన్ స్పీకర్‌లో పెట్టి రికార్డ్ చేశాను. బెదిరింపులన్నీ అయ్యేదాకా మాట్లాడనిచ్చాను. ఇంతలో పూర్ణిమ బొమ్మ వదిలేసి లేచి వచ్చింది. ఫోన్ వైపు చూసి "నాయన" అంది.

వెంటనే ఫోన్ కట్ అయింది. నాయన కాదులే, ఎవరో అని కెమెరాకు వినబడేలా పాపతో అన్నాను.

సాయంత్రం అక్కను వంటింట్లోకి తీసుకుపోయి చెప్పాను. నేలమీద కూలబడి అంతా చెప్పింది. భర్త పేరు దినేశ్. బేతంచెర్లలో నాపరాయి బండల వ్యాపారం. కెమెరా పెట్టించింది అతనే. విడిపోయాక పాస్‌వర్డ్ మార్చాలని ఆమెకు తట్టలేదు. కోర్టు పాపను తల్లికిచ్చింది. వచ్చే నెల మళ్లీ వాయిదా ఉంది. పాపను చూసుకునే దిక్కులేదని చూపిస్తే కేసు తిరగబడుతుంది. ఆ ఇద్దరమ్మాయిలు ఎందుకు మానేశారో ఇప్పుడు తెలిసింది.

అక్క కెమెరా పీకేస్తానంది. పీకితే వాడు జాగ్రత్తపడతాడు, వద్దన్నాను. పోలీస్ స్టేషన్‌కు పోదామన్నాను.

జూలై 16

వివరంగా రాయాలి.

నిన్న పోలీస్ స్టేషన్లో అనుకున్నట్టే, మూడింటికి హాల్లో నిలబడి అమ్మకు ఫోన్ చేసినట్టు గట్టిగా మాట్లాడాను. నాకు భయమేస్తాంది, పాపను పండబెట్టి తాళమేసి సంజామల బస్సెక్కుతాండా అన్నాను. బ్యాగు తీసుకుని ముందు తలుపుకు తాళం వేసి వెళ్లిపోయాను. వీధి చుట్టూ తిరిగి వంటింటి తలుపు నుంచి లోపలికి వచ్చాను. ఎస్సై మేడం, ఇద్దరు కానిస్టేబుళ్లు అప్పటికే వంటింట్లో ఉన్నారు. పాప పైన వాసవాంబ గారి దగ్గర నిద్రపోతోంది.

బేతంచెర్ల నుంచి రావడానికి గంటకు పైనే పడుతుందనుకున్నాం. ఇరవై నిమిషాల్లో వచ్చాడు. అంటే ఊళ్లోనే కాచుకుని ఉన్నాడు. అతని దగ్గర మారు తాళంచెవి ఉంది. ఫోన్లో వీడియో తీసుకుంటూ లోపలికి వచ్చాడు. చూడండి, పసిబిడ్డను ఒంటిగా పెట్టి పోయినారు అని చెప్పుకుంటున్నాడు. బెడ్‌రూమ్ తలుపు తీశాడు. మంచం ఖాళీ.

ఫోన్ కింద పడేశాడు. "పాప యాడ? నా పాప యాడుంది?" అన్నాడు. ఇప్పుడు నోటికి గుడ్డ లేదు. గొంతు పగిలిపోయింది.

నేను వంటింట్లోంచి వచ్చాను. భద్రంగా ఉంది, యాడుందో నీకు చెప్పే పనిలే అన్నాను. వారం రోజుల నుంచి ఆ గొంతుకు ఎదురుగా నిలబడి మాట్లాడాలని ఉంది. నా వెనకాలే ఎస్సై మేడం వచ్చి అతన్ని జీపెక్కించింది.

ఆళ్లగడ్డ నుంచి అక్క వచ్చేసరికి ఆరైంది. నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆకలేసి నాలుగు చపాతీలు తిన్నాను.

జూలై 18

మూడున్నర దాటింది. ఫోన్ మోగలేదు.

నాయన మళ్లీ ఫోన్లో ఎందుకు మాట్లాడలేదని పూర్ణిమ అడిగింది. దువ్వెన తెచ్చి పాపకు రెండు జడలు వేశాను.