గుడ్డ ఒర

గురువారం రాత్రి, గలాలీ

ఛీ! ఇవాళ అన్నం సహించలేదు. నేను పనిచేసే ఈ అరబ్బు ఇంటి యజమాని సెక్యూరిటీ డ్యూటీకి చొక్కా కింద పిస్తోలు పెట్టుకెళ్తాడు. దానికి కొత్తగా రెండు ఒరలు తెచ్చుకున్నాడు. ఒకటి గట్టిది, పిస్తోలు జారకుండా పైన బొత్తాం ఉంది. రెండోది ఉత్త మెత్తటి గుడ్డ. ఆ గుడ్డదే నడుముకి కట్టుకుని, అద్దం ముందు పెళ్లికొడుకులా అటూ ఇటూ తిరిగాడు. సోఫాలో కూర్చోగానే పిస్తోలు జారి, పక్కనే ఉన్న మూడేళ్ల కూతురు నూరా ఒళ్లో పడింది. బొమ్మ అనుకుని పిల్ల చెయ్యి వేసింది. పళ్లెం అక్కడే వదిలేసి పిల్లని లాగేసుకున్నాను.

ఆయన నవ్వాడు! మళ్లీ అందులోనే దోపుకున్నాడు.

“బొత్తాం ఉన్నది పెట్టుకోండి బాబా,” అన్నాను.

“అది ఉబ్బెత్తుగా ఉంటుంది లక్ష్మీ. నాకు పొట్ట ఉన్నట్టు కనపడుతుంది.”

కన్నబిడ్డ కంటే చొక్కా సోకు ఎక్కువైంది!

ఆయన పిస్తోలు బీరువాలో పెట్టి స్నానానికి వెళ్లగానే, ఆ గుడ్డ ఒరని వంటింటి కత్తెరతో ముక్కలు చేశాను. వచ్చి వెతుక్కుంటుంటే, “నేనే కోసేశాను,” అని చెప్పాను. ఆయన నోరు తెరిచేలోపే ఆయన భార్య, మా మేడం, గట్టి ఒర తెచ్చి చేతిలో పెట్టి, “ఖలాస్,” అంది. అదే పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

రేపు నన్ను పనిలోంచి తీసేసి మా ఊరికి పంపేస్తాడేమో. పంపితే పంపనీ. కానీ ఆ పిల్లని వాడి పక్కన వదిలి వెళ్లడమంటేనే...