బండి రెండు వేళ్ళు లేచింది

కెసెన్‌నుమ రేవు,
అక్టోబరు, వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం.

ప్రియమైన శ్రీవారికి,

మీ మిత్సుయో సముద్రం వైపు తిరిగి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, ఆవిడ కన్నా ఎక్కువ తినే పిల్లీ క్షేమం. అక్కడ మీరూ, మీ ఓడలోని వాళ్ళందరూ, మంచుగదిలో పడుకున్న ట్యూనా చేపలూ క్షేమమని తలుస్తాను.

కేప్‌టౌన్ నుంచి మీరు పంపిన ఉత్తరం, రెండు ఫోటోలు అందాయి. ఫోటోలు బాగున్నాయి గానీ రెండింట్లోనూ కుడిచేయి కోటు జేబులో పెట్టుకుని నిలబడ్డారేమిటి? కెమెరా కనిపిస్తే చాలు, పెళ్ళిలో కూడా రెండు వేళ్ళు పైకెత్తి చూపించిన మనిషి మీరు. టైర్ల కొట్టు నడిపే మీ స్నేహితుడు ఒనొదెరా చూసి, "వీడికి విదేశీ గాలి సోకింది వదినా, వచ్చాక మనతో మాట్లాడతాడో లేదో" అన్నాడు. అత్తయ్య మాత్రం రెండు ఫోటోలూ మీ భోజనం పళ్ళెం పక్కన నిలబెట్టింది. అవును, ఆవిడ రోజూ మీకు వడ్డిస్తూనే ఉంది. పులుసు గిన్నె మూత తీసి, లోపల చెమట పట్టిందా లేదా చూసి, "పట్టింది, వాడు బాగానే ఉన్నాడు" అని నిట్టూర్చి, ఆ చల్లారిన అన్నం నా ముందుకు తోస్తుంది. మీ వాటా తిని తిని నేను ఎలా తయారయ్యానో వచ్చి చూద్దురుగాని.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు నయం. వారం వారం మురోనె కొండ దాటి ఇచినొసెకిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆయన ఉప్పు తగ్గించమన్నాడు. ఆవిడ ఆయన ముందు తలూపి, ఇంటికి రాగానే ముల్లంగి ఊరగాయ జాడీ మూత తీస్తుంది. వంటింటి కప్పు కారడం ఆగింది. సాన్మా చేపలు ఈసారి బాగా పడ్డాయి, వీధి వీధంతా కాల్చిన వాసనే.

ఇక మీ అసలు ప్రశ్న, నేలబారుగా దించుకున్న మీ రెండు సీట్ల ముద్దుల కారు గురించి. ఉత్తరంలో మూడు చోట్ల అడిగారు: "బండి నేను వదిలినట్టే ఉందా?" మీ అమ్మగారి గురించి ఒక్కచోట అడిగారు, నా గురించి చివర్లో అడిగారు. నేను అలగలేదు, ఊరికే చెప్తున్నాను.

మీ ఓడ కదిలిన రోజు నాకు బాగా గుర్తుంది. రంగు కాగితం రిబ్బన్ల ఒక కొస ఓడ మీద మీ చేతుల్లో, ఇంకో కొస రేవు మీద మా చేతుల్లో. పక్కింటి ఆవిడ మొగుడు "ఆరోగ్యం జాగ్రత్త" అని అరిచాడు. ఇంకొకాయన "పాప చేత నా పేరు పలికించు" అని అరిచాడు. మీరు చేతులు నోటికి అడ్డుపెట్టుకుని, "మిత్సుయో, బండి ఎత్తు ముట్టుకోవద్దు! టైర్లు మార్చొద్దు! మాటివ్వు!" అన్నారు. రేవు రేవంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చి తలూపాను. రిబ్బను తెగేలోపు ఇచ్చిన మాట మన ఊళ్ళో తప్పకూడదని అందరికీ తెలుసు.

ఆ మాట తప్పాను. బండి రెండు వేళ్ళు పైకి లేచింది. టైర్లు మారాయి. కూర్చుని చదవండి, ఓడ ఊగేటప్పుడు నిలబడి కోపం తెచ్చుకోవడం ప్రమాదం.

ముందు మీకు రావలసిన మెప్పు మీకే ఇస్తాను. వానాకాలంలో మన చిన్న వ్యాను ప్రాణం వదిలాక మీ బండే దిక్కయింది. మొదటిసారి అఖాతం పక్కన కొత్త రోడ్డు మీద నడిపినప్పుడు మీ పిచ్చి నాకు అర్థమైంది. నేలకు అతుక్కుని ఉండటం వల్ల మలుపులో ఒరగదు. స్టీరింగు తిప్పుదామని అనుకునేలోపే తిరిగిపోతుంది. ఎండ కాసిన మధ్యాహ్నం ఆ వెడల్పాటి పందేల టైర్లు వేడెక్కితే రోడ్డును కరుచుకునే పట్టు అంతా ఇంతా కాదు. టాపు తీసేసి పోతుంటే నాకు పాటలు వచ్చాయి. ఒట్టు.

కానీ ఆ రోడ్డు పొడవెంత? మిగతా ఊరంతా గతుకులే కదా. చేపల సహకార సంఘం వాలు దగ్గర బండి ముందు బంపరు కింది అంచు నేలకి గీసుకున్న చప్పుడుకి సముద్రపు కాకులు లేచిపోయేవి. ఇక అత్తయ్య బండెక్కడం చూడటానికి వీధివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చేవారు.

"ఇది కారుటే? చాప పరిచి దాని మీద కూర్చోమన్నట్టుంది" అనేది.

"కాళ్ళు ముందు పెట్టకండి అత్తయ్యా, ముందు కూర్చుని తర్వాత కాళ్ళు లాక్కోండి."

"కూర్చోవడం సరే, లేవడమెట్లా? మళ్ళీ డాక్టరే వచ్చి లాగాలి. పిల్లి కూడా దీని కింద దూరలేదు. నా కొడుక్కి ఎత్తు అంటే ఏం పగే?"

తలకి రుమాలు కట్టుకుని, ఒళ్ళో జాడీ పెట్టుకుని కూర్చున్నాక మాత్రం, "ఊఁ, పోనీ, ఆ ముందు లారీని దాటు" అనేది. ఎవరి పోలిక మీకొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

తర్వాత బండ్లకి సర్కారు వాళ్ళు చేసే తనిఖీ సంగతి వచ్చింది. ఒనొదెరా తన టైర్ల కొట్టు ముందు బండి ఆపి, జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి నిలువుగా నిలబెట్టి బండి కిందికి తోశాడు. అది దూరకపోతే తనిఖీలో నెగ్గదని మీరే నాకు నేర్పారు కదా. దూరలేదు సరికదా పెట్టె నలిగింది.

"ఇదంతా నీ చేతి పనే కదయ్యా?" అన్నాను.

"చేసింది నేనే, చేయించింది వాడు. ఇంతకన్నా దించకురా అంటే విన్నాడా? ఇప్పుడు నేను ఎత్తితే వచ్చి నా వీపు చింతపండు చేస్తాడు. నువ్వు రేవులో అందరి ముందూ మాటిచ్చావు వదినా, నన్ను ఇరికించకు."

"మాట నేనిచ్చాను, నువ్వివ్వలేదుగా. పానా పట్టుకో."

మీ స్నేహితుడి మీద కోపం పెట్టుకోకండి. చాలాసేపు మొరాయించాడు. చివరికి బండిని జాకీ మీద ఎత్తి, కిందకి నన్ను దూర్చి చూపించాడు. అంత దించేసరికి స్ప్రింగు నొక్కుకోవడానికి జాగా లేదట. చిన్న గతుక్కే పైనున్న రబ్బరు దిమ్మకి తగిలి చక్రం నేలని వదిలి ఎగురుతుందట. చక్రాలు కూడా లోపలికి వాలి, టైర్లు లోపలి అంచునే అరిగిపోయాయి, చేత్తో తడిమి చూశాను. "కొంచెం దించితే బండికి బలం. మరీ దించితే కాళ్ళు కట్టేసి పరుగెత్తమన్నట్టే" అన్నాడు. మరి దించేటప్పుడు ఈ తెలివి ఏమైందంటే, "అప్పుడు మేమిద్దరం తాగున్నాం" అన్నాడు.

టైర్ల గురించి అతను చెప్పింది మాత్రం నా మనసులో ఉండిపోయింది. "ఇవి పందేల టైర్లు వదినా. వేడెక్కితే రాజాలు. చలికీ వానకీ చెక్కముక్కలు. పైగా వీటికో దుర్గుణం ఉంది. మామూలు టైరు జారే ముందు మూలుగుతుంది, కొంచెం కొంచెంగా వదులుతుంది, నువ్వు సర్దుకోవచ్చు. ఇవి చివరిదాకా 'అంతా బాగుంది, అంతా బాగుంది' అంటాయి. తర్వాత ఒక్కసారిగా వదిలేస్తాయి." అందుకని కాస్త సన్నటివి, లోతుగా గాట్లున్నవి, అంచులు మెత్తగా ఉండేవి వేయించాను. మంచు పడగానే ఎలాగూ చలికాలపు టైర్లు వేస్తాం.

ఇంకో కబురు. ఏటా చేపల బజారు వెనక ఖాళీ స్థలంలో ఎర్ర దిమ్మలు పెట్టి వాటి చుట్టూ బండ్లు తిప్పే మీ పోటీ పోయిన ఆదివారం జరిగింది. మీ బదులు ఎవరైనా మీ బండి తోలకపోతే బాగుండదని నన్ను తోశారు. చల్లటి పొద్దు, నేలంతా అతుకులు, మధ్యలో నీళ్ళు పోయే కాలువ మూతలు. మిగతావాళ్ళ బండ్లు ఆ మూతల మీద కప్పల్లా గెంతాయి. మనది గతుకుని మింగి మలుపు తిరిగింది. వెనక చక్రాలు జారబోతూ మూలిగాయి, నేను విన్నాను, సర్దుకున్నాను. అత్తయ్య మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని, "బ్రేకు తరవాత వెయ్యవే!" అని అరుస్తూనే ఉంది. మీ పోయినేటి సమయం కంటే ఒక్క ఊపిరి ముందు వచ్చాను. కొట్టులో పలక మీద మీ పేరు కింద ఉంది, పైన నాది. తుడిపేయమన్నాను, ఒనొదెరా వినడం లేదు. రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగలేదు, నిజం చెప్పాలి కదా.

ఇక్కడితో ఆపేయమని అత్తయ్య అంది. సముద్రం మీద ఉన్న మనిషికి మంచి కబుర్లే రాయాలి, చెడ్డవి ఒడ్డుకి వచ్చాకే చెప్పాలి. మన రేవులో ఆడవాళ్ళందరూ అలాగే రాస్తారు, నేనూ ఇన్నేళ్ళూ అలాగే రాశాను. ఈసారి మనసొప్పడం లేదు.

పైన తనిఖీ అని రాశాను. ఆ పెట్టె నలిగింది నిజమే గానీ, తనిఖీ వచ్చే వసంతంలో కదా, మీకు నా కంటే బాగా తెలుసు. అసలు సంగతి వేరు. సెప్టెంబరులో డాక్టరు దగ్గరి నుంచి వస్తుంటే మురోనె దిగుడులో వాన పట్టుకుంది. నేను వేగంగా పోలేదు. రంపపు మిల్లు దాటాక మలుపులో రోడ్డుకి వేసిన అతుకు ఉంది చూడండి, దాని మీద చక్రం ఎగిరింది. దిగేటప్పుడు కింద నీళ్ళున్నాయి. బండి చిన్న మూలుగైనా మూలగలేదు. ముందు కొండ కనిపించింది, తర్వాత లోయ, మళ్ళీ కొండ. ఆగేసరికి మేము వచ్చిన దారికేసి చూస్తున్నాం. అత్తయ్య వైపు తలుపుకీ అంచున ఉన్న ఇనుప కమ్మీకీ మధ్య నా అరచేయి పట్టేంత జాగా ఉంది. దిగి చేయి పెట్టి చూశాను.

అత్తయ్య జాడీ రెండు చేతులా పట్టుకునే ఉంది. "ఇల్లు ఇప్పుడు ఎటువైపే?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ జాడీ కాళ్ళ దగ్గర పెట్టి నా చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. వాన తగ్గేదాకా అలాగే కూర్చున్నాం. అప్పుడే అంది, "వాడికి రాయకు. మీ మామగారికి నేనూ ఏదీ రాయలేదు. ఆయనా అంతే. అంతా బాగుందనే రాసేవాడు. పక్కటెముకలు విరిగిన సంగతి, ఇంటికొచ్చాక స్నానాల గదిలో వీపు తోముతుంటే నా చేతికి తగిలి తెలిసింది." అని, నా చేతులు వదిలి జాడీ అందుకుంటూ, "అప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందో" అంది. మర్నాడు కర్ర పట్టుకుని ఒనొదెరా కొట్టుకి నా కంటే ముందు నడిచింది ఆవిడే.

మీ పాత స్ప్రింగులూ టైర్లూ నూనె రాసి, గోనె చుట్టి, వలల గదిలో భద్రంగా పెట్టాను. వచ్చాక ఒక్కసారి వానలో మీ అమ్మగారిని పక్కన కూర్చోపెట్టుకుని మురోనె దిగండి. తర్వాత కూడా దించాలంటే పానా నేనే అందిస్తాను.

నాకు భయం వేసిందండీ. మీకు చెప్పకుండా ఇన్ని రోజులు ఉండటం ఆ మలుపు కన్నా కష్టంగా ఉంది. చివరిదాకా అంతా బాగుందనే టైర్లు నాకు వద్దు, అలాంటి ఉత్తరాలూ వద్దు.

కాబట్టి ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఆ ఫోటోలు రోజూ అన్నం ముందు చూస్తున్నాను. ఒనొదెరా నవ్వాడని నేనూ నవ్వాను గానీ, నాకు మొదటిరోజే అర్థమైంది. ఆ కుడిచేయి జేబులోంచి తీయండి. దానికి ఏమైందో, ఎలా ఉందో, ఉన్నదున్నట్టు రాయండి, చేయి సాగకపోతే ఎవరిచేతనైనా రాయించి పంపండి. ఎలా ఉన్నా ఫరవాలేదు. స్టీరింగు నేను పడతాను, మీరు ఎడమ సీట్లో కూర్చుందురుగాని. మీరు ఓడ దిగే రోజుకి అత్తయ్య బస్సులో వస్తానంది.

ఇట్లు,
మాట తప్పిన మీ ఇల్లాలు,
మిత్సుయో.