పెనుకొండ బంకులో నీ గొంతు

నాయనా, నువ్వు పోయి ఏడాదైంది. నిన్న సాయంత్రం ధర్మవరంలో నీ మీద నాటకం వేశాను. ఎండలు ఇట్లా ముదరడానికి మనం కాల్చే పెట్రోలూ డీజిలే కారణమని చెప్పే నాటకం. పెనుకొండ పెట్రోలు బంకులో పనిచేసేటప్పుడు నువ్వు తొడుక్కునే ఖాకీ చొక్కా అడిగితే అమ్మ ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. నిన్ను పొగుడుతాననుకుందేమో, మంచి చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

నేనేమో పైపు పట్టుకుని, మీటరు చూపిస్తూ నడుం వంచి, "జీరో చూసుకో సామీ, జీరో చూసుకో" అని అడుక్కునేవాడిలా అరిచాను. జనం పగలబడి నవ్వారు. ఆ ఊపులో "మన వానల్ని తగలబెట్టింది ఈ మనిషే" అన్నాను. చప్పట్లు మోగాయి.

నాటకం అయ్యాక అమ్మ తిడుతుందని, చదివిన కరపత్రాల్లోంచి జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆమె తిట్టలేదు.

"మీ నాయన యాడ అట్ల అరిచినాడప్పా? మెల్లగా చెప్తాండె. ఆడ నిలబడి ఎప్పుడన్నా విన్నావా నువ్వు?" అంది.

వినలేదు. కాలేజీ బస్సు డీజిలుకు మీ బంకులో ఆగినప్పుడల్లా, స్నేహితులు నిన్ను చూడకుండా వాళ్ళను మాటల్లో పెట్టేవాడిని. ఆ బస్సుకు ఫీజు కట్టింది నీ జీతమే.

రేపు హిందూపురంలో వేస్తాం. ఎండల గురించి రాసినదాంట్లో ఒక్క మాటా తీసెయ్యను, అన్నీ నిజమే. "ఈ మనిషే" అన్న వాక్యం బదులు మాత్రం "ఈ పెట్రోలు అమ్మిన కూడు తినే నేను పెరిగినాను" అనాలి. అమ్మ మళ్ళీ వస్తానంది. ఇన్నాళ్ళూ నిన్ను దాచినవాణ్ణి, ఆమె ఎదురుగా ఈ కొత్త మాట అనడానికి నాకు మొహం చెల్లడం లేదు.