ఎల్బీనగర్ టెంటుకు ఇంగ్లీషు బోర్డు

దిల్‌సుఖ్‌నగర్,
సోమవారం, ఫిబ్రవరి 2010

దీక్షా శిబిరం పెద్దలు లింగస్వామిగారికి నమస్కారం.

ఈ ఉదయం షట్టరు ఎత్తేసరికి, తడి ఆరని ‘టులెట్’ బోర్డు మీదుగా ఒక పిల్లి నడిచి వెళ్లి ఉంది. ఆ అడుగులు దిద్దుతుండగా మీ చీటీ అందింది. తెలంగాణ కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో మీరు చేస్తున్న దీక్షను చూడటానికి గురువారం ఢిల్లీ టీవీ వాళ్లు వస్తున్నారని, ఇంగ్లీషులో ‘రిలే ఫాస్ట్’ అని బోర్డు కావాలని రాశారు.

ఒక చిన్న సందేహం. ‘ఫాస్ట్’ అంటే ఉపవాసమే. కానీ వేగం అని కూడా. ‘రిలే’ పక్కన పెడితే మీరంతా పరుగు పందెంలో ఉన్నారనుకుంటారేమో. ఏం చేయమంటారు?

ఇట్లు,
భావన, బోర్డుల షాపు

తా.క. ఫోన్ ఎత్తనందుకు క్షమించండి. ఫోనంటే నాకు భయం. జవాబు ఈ ఆటో అతనికే ఇవ్వండి.

*

ఎల్బీనగర్ టెంటు,
సోమవారం సాయంత్రం

బిడ్డా భావనా, సల్లగుండు.

మేమెక్కడ ఉరుకుతున్నం? ఐదుగురం కుర్చీలల్ల కూసున్నం. పొద్దుగాల తొమ్మిదింటికి కూసుంటే ఐదింటికి నిమ్మరసం తాగి లేస్తం. తెల్లారి ఇంకో ఐదుగురు. గదే రిలే. డిసెంబరు నుంచి ఒక్క కుర్చీ గూడ ఖాళీ పోలే. పోయిందో, మలక్‌పేట టెంటోళ్లు మమ్ముల బతకనియ్యరు.

గురువారం నా వంతు, బక్కయ్య మామ వంతు. మామ కూసున్న కాడనే నిద్రపోతడు. నేనన్న టీవీల మంచిగ కనపడాలె. జల్ది రాయి.

నీ లింగస్వామి మామ

తా.క. ఆటోకు డబ్బులు ఇయ్యకు. ఆయన గూడ మంగళవారం బ్యాచే.

*

దిల్‌సుఖ్‌నగర్,
బుధవారం ఉదయం

గౌరవనీయులైన లింగస్వామిగారికి,

నిఘంటువు చూశాను. చూడకుండా ఉండవలసింది. టైము కన్నా ముందు నడిచే గడియారం ‘ఫాస్ట్’. ఉతికినా రంగు పోని గుడ్డ ‘ఫాస్ట్’. ఊడకుండా గట్టిగా బిగిసినదీ ‘ఫాస్ట్’. గాఢంగా నిద్రపోయినా అదే మాట. బక్కయ్యగారి విషయంలో అది మరీ ఇబ్బంది.

ఏ అర్థంలో రాయమంటారు?

విధేయురాలు,
భావన

తా.క. రెండు బోర్డులు రాసి చెరిపేశాను. పెయింటు ఖర్చు నాదే.

*

టెంటు,
బుధవారం పొద్దుమీకి

బిడ్డా,

నీ ఉత్తరం మైకుల చదివినం. మొత్తం పరేషాన్. ‘గడియారం ఫాస్ట్ పెడితే ఐదు జల్ది అయితది, గదే రాయమను’ అని బక్కయ్య మామ. ‘రంగు పోనిదా? యాడ దొరుకుతది?’ అని నా భార్య అండాలమ్మ. దీక్షల చీరల ముచ్చట మొదలైంది.

ఏదన్న రాయి తల్లీ. రేపు తొమ్మిదింటికి బోర్డు రాకుంటే నేనే వస్తా.

లింగస్వామి

తా.క. నీ చేతిరాత మాత్రం ముత్యాలే.

*

అల్మాస్‌గూడ,
గురువారం సాయంత్రం

భావనా,

తొమ్మిదింటికి కూసున్న. బోర్డు రాలే. బస్సుల ఏసినట్టు కుర్చీ మీద తువ్వాల ఏసి నీ షాపుకు ఉరికిన. నువ్వేమో బోర్డు పట్టుకొని మా టెంటుకే పోయినవట. షాపుల ఉన్న పెద్దాయన, మీ నాయనేమో, ‘ఎండన పడి వచ్చారు, తినండి’ అని ప్లేటు చేతిల పెట్టిండు. రెండో ఇడ్లీ అయినంక యాదికొచ్చింది నేను దీక్షల ఉన్నట్టు.

ఏ మొకంతోని పోయి కూసోవాలె? బామ్మర్ది ఇంట్ల దాక్కున్న. అండాలమ్మ ఫోన్ ఎత్తుతలేదు. నా కుర్చీ ఖాళీ పోయిందా? రిలే తెగిందా? నిజం చెప్పు.

లింగస్వామి

తా.క. చట్నీ బాగుండె. ఎవ్వలికి చెప్పకు.

*

దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం

లింగస్వామిగారికి,

రిలే తెగలేదు.

నేను ఆటో దిగేసరికి టీవీ వాళ్లు కెమెరా పెడుతున్నారు. మీ కుర్చీలో తువ్వాలు ఒక్కటే ఉంది. అండాలమ్మగారు దాన్ని తీసి, ‘ఏందే అట్ల నిలవడ్డవ్? కూసో!’ అని నన్ను కూర్చోబెట్టి దండ వేశారు. వద్దనడం నాకు రాదు.

బోర్డు మీద ఆ మాట వాడలేదు. ‘ఉదయం నుంచి ఏమీ తినలేదు’ అని ఇంగ్లీషులో రాశాను. దానికి ఒకటే అర్థం. కానీ నేను ఉప్మా తిని వచ్చాను. అందుకని బ్రష్షు అడిగి ‘ఉదయం’ కొట్టేసి ‘తొమ్మిది’ అని దిద్దాను. అది దిద్దుతుండగానే కెమెరాలో తీశారు.

ఐదు దాకా లేవలేదు. నిమ్మరసం బక్కయ్యగారు ఇచ్చారు, ఆయన్ను లేపాక.

రాత్రి టీవీలో వచ్చింది. ముఖం నాది. కింద పేరు మాత్రం లింగస్వామి.

ఇట్లు,
భావన

తా.క. వచ్చే గురువారం కూడా రమ్మని అండాలమ్మగారు చెప్పారు. వస్తాను. మాది అమలాపురం.