బిగించని బోల్ట్

శనివారం, పడుకునే ముందు



మధ్యాహ్నం హైవే మీద మధ్య లేన్‌లో వెళ్తుండగా కారు ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. నడుపుతున్నది పదిహేడేళ్ల మా అనన్య, పక్కన నేను. భారీ ఇంజిన్ ఉండే, అరవైల నాటి ఆ మజిల్ కార్‌ని రెండేళ్లు గరాజ్‌లో ఇద్దరం కలిసి బాగుచేసుకున్నాం. ఇంజిన్ ఆగగానే స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనక ట్రక్ హారన్ కొడుతూ మీదికొచ్చేస్తోంది. భయంతో స్టీరింగ్ పట్టుకోబోయాను.

"నాన్నా, డోంట్ టచ్! నేను చూసుకుంటా!" అని అరిచింది అనన్య. బలమంతా పెట్టి తిప్పి, కారును రోడ్డు పక్కకి తెచ్చి ఆపింది. ట్రక్ దూసుకుపోయిన గాలికి కారంతా ఊగింది.

హుడ్ ఎత్తి చూశాం. స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు అందించే డిస్ట్రిబ్యూటర్‌ని పట్టి ఉంచే బోల్ట్ వదులై, డిస్ట్రిబ్యూటర్ పక్కకి తిరిగిపోయింది. నిన్న మిగతా బోల్ట్‌లన్నీ బిగించింది అనన్యే; ఈ ఒక్కటి పెట్టింది మాత్రం నేను. ఆఫీస్ నుంచి ఫోనొస్తే బిగించకుండానే లోపలికి వెళ్లి, మర్చిపోయాను.

"సారీ నాన్నా. నేనే సరిగ్గా టైట్ చేయలేదేమో," అంది కళ్లనిండా నీళ్లతో.

"పర్లేదులే," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోట!

సాయంత్రం కారు తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది. "ఇంక నేను ఇంజిన్ ముట్టుకోను. నా వల్ల నీకేమైనా అయ్యుంటే?"

తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాను.

తను ఇంకా నిద్రపోలేదు. ఆ బోల్ట్ బిగించనిది నేనేనని చెబుదామని తన గది తలుపు దాకా రెండుసార్లు వెళ్లి, తిరిగొచ్చాను...